మోసేవాళ్ళు కావలెను

"ఇందుమూలంగా మన 'శుభోదయం కుటుంబం' సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, ఈ ఏడాది నుంచి మన కుటుంబం, ఫలాపేక్ష ఇసుమంతైనా లేకుండా, చిన్న చిన్న ధర్మసంస్థలను ఎంపిక చేసి, వాటిని తన విశాల హస్తాలతో ఆదుకొనుటకు తీర్మానించినది!"

ఈ మహత్తర ప్రకటన ఒక సోమవారం ఉదయం, పసుపు తామరపువ్వు బొమ్మ కింద వెలువడింది. వెలువరించింది ఆచాన్ ప్రఫైసి. ఆచాన్ అంటే వాళ్ళ భాషలో పంతులమ్మ. నఖోన్ సవన్ ఊళ్ళో ముప్పయ్యేళ్ళు హెడ్మాస్టరమ్మగా చేసిన మనిషి. రిటైరయ్యాక బెంచీ ఎక్కించడానికి పిల్లలు దొరక్క, పెద్దవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో ఈ కుటుంబాన్ని స్థాపించింది. మూడు వేలమంది సభ్యులు. పొద్దున్నే ఒకరికొకరు పువ్వు బొమ్మ పంపుకోవడమే వాళ్ళ పని. అదేమంత తేలిక అనుకోకండి! సోమవారానికి పసుపు పువ్వు, మంగళవారానికి గులాబీరంగు, శనివారానికి ఊదా. ఒకాయన సోమవారంనాడు గులాబీరంగు పువ్వు పెట్టి వారం రోజులు కుటుంబంలోంచి వెలి అయ్యాడు. ఆ వారమంతా ఆయన భార్యకి ఇంట్లో పువ్వు బొమ్మలు పంపుతూ గడిపాడని వినికిడి.

తీర్మానం అయ్యాక ఎంపిక సంఘం కూర్చుంది. అధ్యక్షురాలు ఆచాన్. కార్యదర్శి విరోట్, పూర్వాశ్రమంలో పోస్టుమాస్టరు. కోశాధికారి మిరపకారం కొట్టు నోంగ్‌యావ్ అక్క. కోశం మాత్రం ఇంకా పుట్టలేదు.

"చిన్న సంస్థ అంటే ఎంత చిన్నదండీ?" అన్నాడు విరోట్, కలం ఎత్తి.

"రిజిస్ట్రేషన్ ఉండకూడదు. ఉంటే పెద్దదైపోయినట్టే," అంది ఆచాన్.

"రిజిస్ట్రేషన్ లేకపోతే నమ్మేదెట్లా?"

"అందుకే, ఉండాలి."

"ఉండాలా? ఉండకూడదా?"

"ఉండీ లేనట్టుండాలి. రాసుకోండి విరోట్!"

రాసుకున్నాడు. ఆ కొలబద్ద చంకన పెట్టుకుని ముగ్గురూ తనిఖీలకి బయల్దేరారు.

మొదట కుంటి కుక్కల శరణాలయం. మూడు కాళ్ళ కుక్కలు ఎగిరెగిరి ఆచాన్ మొహం నాకాయి. తీసిన ఫొటోలో ఒక్క కుక్క మొహంలోనైనా దైన్యం లేదు. "ఇంత సంతోషంగా ఉన్నవాటికి మనం చేసేదేముంది?" అని తిరస్కరించారు. తర్వాత నది మీద తెప్పలో పిల్లల పుస్తకాలయం. అది నడిపే ఆవిడ పాపం, ఉన్నంతలో కొబ్బరి మిఠాయి పెట్టింది. సంఘం పళ్ళెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "మిఠాయి పెట్టగలిగినవాళ్ళు చిన్నవాళ్ళెలా అవుతారు?" అని దాన్నీ కొట్టేసింది.

మూడోది, గుడి వెనకాల రేకుల షెడ్డులో లుంగ్ తోంగిన్ నడిపే సంస్థ. లుంగ్ అంటే పెదనాన్న, ఊరందరికీ ఆయన అంతే. సంస్థంటే ఆయనే. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు, నవ్వితే షెడ్డు రేకులు కదుల్తాయి. నా అనేవాళ్ళు లేకుండా పోయినవాళ్ళకి దహనం చేయించడం ఆయన పని.

ఆచాన్ గొంతు సవరించుకుంది. "లుంగ్! మా కుటుంబం తరఫున మీకొక శవపేటిక దానం చేస్తున్నాం. దాని మీద మా మూడు వేల పేర్లూ అంటిస్తాం."

లుంగ్ వెనక తలుపు తీశాడు. లోపల పెట్టెలు! కప్పు దాకా పెట్టెలు! ఒక్కోదాని మీదా దాతల పేర్ల చీటీలు. ఒకదాంట్లో బియ్యం పోసుకున్నాడు. ఇంకోదాంట్లో పిల్లి ఈనింది.

"పెట్టెలకేం కొదవ ఆచాన్! పుణ్యమని అందరూ పెట్టెలే ఇస్తారు. ఈ ఊరివాళ్ళంతా ఒక్కసారి పోయినా సర్దేయగలను, మీరు దిగులుపడకండి!"

"మరేం కావాలి?"

"మనుషులు," అన్నాడు లుంగ్. నవ్వు ఆపాడు. "పెట్టె మొయ్యడానికి నలుగురు, వెనక నడవడానికి కొందరు. మొన్నొకాయన్ని తోపుడు బండి మీద నేనే తోసుకెళ్ళాను. ముందు భిక్షువు, వెనక నేను, మా వెనక ఎవరూ లేరు. ఈ శనివారం తాత ప్లెవ్‌ది ఉంది. తెలుసుగా, కొబ్బరి ఐస్‌క్రీం బండి?"

ఆచాన్‌కి తెలియకేం! బడి గేటు దగ్గర ఇత్తడి గంట వాయిస్తూ నిలబడేవాడు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా ఆవిడ ఆయన్ని రోజూ తరిమేసేది. ఆ తర్వాత ప్యూనుని పంపించి తనకొకటి తెప్పించుకునేది. ఆయన ఎప్పుడూ ఆవిడ గిన్నెలో వేరుశనక్కాయలు ఎక్కువ వేసేవాడు. ఆ మనిషి ఆస్పత్రి చల్లగదిలో ఎవరూ లేకుండా పడున్నాడంటే ఆవిడకి గుండెలో కలుక్కుమంది.

"ఇరవైమందిని తేగలరా?" అన్నాడు లుంగ్.

"ఇరవయ్యా! మాది మూడు వేలమంది కుటుంబం!" అంది ఆచాన్. "ఇది నా మాట. బడిలో ముప్పయ్యేళ్ళలో నేను మాట తప్పలేదు."

లుంగ్ సంబరం పట్టలేక ఆ మాట గుడి పెద్ద భిక్షువు, గురువుగారి చెవిన వేశాడు. గురువుగారు సాయంత్రం గుడి మైకులో ఊరందరికీ చెప్పేశారు. ఇంక శనివారం జనం రాకపోతే పోయేది తాత ప్లెవ్ పరువు కాదు, ఆచాన్ ప్రఫైసి పరువు.

ఆ రోజే కుటుంబంలో పిలుపునిచ్చింది. సాధు, సాధు, సాధు! అలా టైపు చేస్తే ఇతరులు చేసిన పుణ్యంలో మనకీ వాటా వస్తుందని సభ్యుల నమ్మకం. తెల్లారేసరికి ఎనిమిది వందల సాధులు పోగయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా పెట్టె మొయ్యదు.

"వచ్చేదెవరో చెప్పండి!" అని ఆచాన్ గదమాయించింది.

"మనసంతా అక్కడే ఉంటుంది ఆచాన్, మోకాళ్ళు మాత్రం ఇంట్లో ఉంటాయి."

"లైవ్ పెడతారా? పెడితే దణ్ణం పెట్టుకుంటాం."

"శనివారం ఊదా పువ్వు డ్యూటీ నాదండి, పువ్వు లేకపోతే కుటుంబం ఏమైపోవాలి?"

విరోట్‌కి ఫోన్ చేసింది. "నేనొస్తే మినిట్స్ ఎవరు రాస్తారండీ?" అన్నాడు. మాటలు కోటలు దాటాయి గానీ ఒక్క కాలూ గడప దాటేలా లేదు. శనివారం గుడి దగ్గర తను, తోపుడు బండి, లుంగ్! ఆవిడకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గురువారంనాడు, వివరం చాల్లేదేమోనని, లుంగ్‌ని వయసు అడిగి, పద్ధతిగా ఇంకో నోటీసు పెట్టింది. "దివంగతులు: తాత ప్లెవ్. వయసు: 82. దహనం: శనివారం, పదిహేనో తారీఖు."

మొదటి జవాబు నోంగ్‌యావ్ అక్కది. "ఎనభై రెండా, ఆచాన్? పదిహేను తర్వాత పదహారేగా వచ్చేది?"

పదహారో తారీఖున ఏముంటుందో ఆ దేశంలో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. లాటరీ తీస్తారు! పోయినవాళ్ళ వయసు అంకెలు కలిసొస్తాయని అక్కడివాళ్ళ నమ్మకం.

ఆచాన్‌కి ఒళ్ళు మండింది. "సిగ్గులేదూ? అది పోయిన మనిషి వయసు! ఆయన జన్మలో ఒక్క లాటరీ టికెట్ కొని ఎరగడు!"

"అయితే ఆయన అదృష్టమంతా ఖర్చు కాకుండా అలాగే ఉందన్నమాట!" అన్నాడు విరోట్, పోస్టాఫీసు వాడు కాబట్టి జమాఖర్చులు తెలిసి.

అంతే! ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నారు. సాయంత్రానికి ఊళ్ళో ఎనభై రెండుతో ముగిసే టికెట్ ఒక్కటి మిగల్లేదు. ఆచాన్ కాదన్నకొద్దీ అవునని రూఢి అయింది. "ఆవిడ ఇంత గట్టిగా కాదంటోందంటే ఏదో ఉంది!"

ఇంతలో లుంగ్ ఫోను. "ఆచాన్, తాత గుర్తింపు కార్డు దొరికిందమ్మా. ఎనభై మూడు."

బడిలో అక్షరం తప్పితే వందసార్లు రాయించిన మనిషి, తప్పు తప్పుగా వదిలేస్తుందా? వెంటనే పెట్టింది. "సవరణ: 82 కాదు, 83."

"పైనుంచి సవరణ వచ్చింది!" అని కుటుంబం గొల్లుమంది. "తాత కల్లోకొచ్చి చెప్పాడా ఆచాన్?" "తాత మంచివాడు, పొరపాటైతే దిద్దుకున్నాడు!" పక్క ఊళ్ళలో ఎనభై మూళ్ళు కూడా అయిపోయాయి. దాంతోపాటు ఇంకో సంగతి కూడా జరిగింది. టికెట్ కొంటే సరిపోదట. పెట్టె తాకాలట, కుదిరితే మొయ్యాలట. "నేనొస్తున్నా." "మేము నలుగురం." "మా వీధంతా!"

"ఇది తప్పు, ఈ ఉద్దేశంతో ఎవరూ రావద్దు" అని ఆచాన్ టైపు చెయ్యడం మొదలుపెట్టింది. 'రావద్దు' దాకా వచ్చి వేలు ఆగిపోయింది. ఆరు వందలమంది వస్తామన్నారు. మాట నిలబడుతోంది. ఆవిడ ఒక్కో అక్షరమే చెరిపేసింది. పుణ్యానికి వచ్చేవాణ్ణి ఏ దారిన వచ్చావని అడగడం ఏం మర్యాద?

శనివారం గుడి దగ్గర ఇసుక వేస్తే రాలలేదు. నూడుల్సు బళ్ళు వచ్చాయి, పళ్ళేల్లో లాటరీ టికెట్లు అమ్మేవాళ్ళు వచ్చారు. విరోట్ వేయించిన బ్యానరు పెట్టెకి కట్టారు. అలవాటు కొద్దీ ఆయన అచ్చుకి రోజువారీ బొమ్మే పంపాడు. అందుకని తాత ప్లెవ్ పెట్టె మీద పెద్ద ఊదా పువ్వు, దాని కింద 'శుభోదయం! ఈ రోజంతా హుషారుగా ఉండండి!' అని ఉంది.

పెట్టె మొయ్యడానికి కొట్లాట. "నేను ముందొచ్చాను!" "మోకాళ్ళు నొప్పన్నావుగా?" "ఇప్పుడు తగ్గాయి!" లుంగ్ అందరినీ లైన్లో పెట్టి పది అడుగులకి నలుగుర్ని మార్చాడు. మోసినవాళ్ళు మోస్తూనే పెట్టె చెక్కకి పౌడరు రుద్ది, గీతల్లో లాటరీ అంకెలు తేలతాయేమోనని వెతికారు. పెట్టె అందనివాళ్ళు, పుణ్యం పాకి రావాలిగా, ముందువాళ్ళ భుజం పట్టుకున్నారు. వాళ్ళ భుజం వాళ్ళ వెనకవాళ్ళు. ఆ వరస గుడి గేటు దాటి, బజారు దాటి, నది దాకా పోయింది. ఎప్పుడూ ఒక్కడే నడిచిన తాత వెనక ఊరు ఊరంతా ఒకర్నొకరు పట్టుకుని నడిచింది.

అప్పుడు ఎవరో తాత బండి మీది గంట తెచ్చి వాయించారు.

ఒక్క క్షణం పౌడరు రుద్దే చేతులు కూడా ఆగాయి. "నాకు వేరుశనక్కాయలు ఎక్కువేసేవాడు," అన్నాడు లావుపాటి పోలీసాయన, ముక్కు ఎగబీలుస్తూ. "నాకూ," అంది నోంగ్‌యావ్ అక్క. తనకొక్కదానికే వేసేవాడనుకున్న ఆచాన్‌కి చిన్న అసూయ, దాని వెనకే కళ్ళనిండా నీళ్ళు. లుంగ్ అయితే బాహాటంగానే ఏడుస్తున్నాడు. "ఇరవైమందిని అడిగాను ఆచాన్, ఇరవైమందినే అడిగాను!"

ఆచాన్ మైకు అందుకుంది. "సోదరీ సోదరులారా! ఇవాళ ఇక్కడికి ఎవరైనా ఏదైనా ఆశించి వచ్చారా?"

"లేదు!" అంది జనం, టికెట్లు జేబుల్లోకి తోసుకుంటూ.

"ఫలాపేక్ష లేని సేవే సేవ! అదే మన కుటుంబం!"

"సాధు!"

కళ్ళు తుడుచుకుందామని ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి చేతిరుమాలు లాగింది. దాంతోపాటు ఒక బొత్తి ఊడి కిందపడింది. లాటరీ టికెట్లు. పైదాని చివర 83. లుంగ్ వంగి తీసి, దులిపి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"మీ చేతిరుమాలు పడిపోయింది ఆచాన్," అన్నాడు మెల్లగా.

ఆదివారం మధ్యాహ్నం లాటరీ తీశారు. చివరి రెండంకెలు: 82!

కుటుంబంలో ఒక సగం పండగ, ఒక సగం గోల. సవరణకి ముందు కొన్న నోంగ్‌యావ్ అక్క కొట్టు మూసేసి వీధివాళ్ళకి భోజనాలు పెట్టింది. సవరణ నమ్మినవాళ్ళు ఆచాన్ మీద విరుచుకుపడ్డారు. "మిమ్మల్నెవరు దిద్దమన్నారు?" "ఉన్నదున్నట్టు ఉంచితే మీ సొమ్మేం పోయింది?" ఆవిడ సొమ్మే అందరికంటే ఎక్కువ పోయిందని వాళ్ళకేం తెలుసు! నిజం చెప్పి ఇంత నష్టపోవడం ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇదే మొదలు.

సాయంత్రం సంఘం కూర్చుని, లుంగ్ తోంగిన్ సంస్థని శాశ్వతంగా ఎంపిక చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. కారణం అన్నచోట విరోట్ 'నిరూపితమైన ఫలితాలు' అని రాశాడు.

సోమవారం పొద్దున్నే, పసుపు పువ్వు పంపీ పంపకముందే లుంగ్ ఫోను.

"ఆచాన్, ఇంకొకావిడ పోయిందమ్మా. పడవ నూడుల్సు హోటల్లో గిన్నెలు కడిగేది. ఎవరూ లేరు. దహనం ఈ నెలాఖరున పెట్టించాను, ఒకటో తారీఖు లాటరీకి ముందురోజు. మీవాళ్ళకి వీలుగా ఉంటుందని."

"అయ్యో పాపం! తప్పకుండా వస్తాం లుంగ్! ఏ ఆశా లేకుండా, కుటుంబమంతా కదిలొస్తాం!" అని ఆచాన్ లేచి వెళ్ళి కిటికీ మూసింది. గొంతు తగ్గించింది. "అది సరే గానీ, ఆవిడ వయసెంత?"

ఫోన్లో రేకులు కదిలినంత నవ్వు.

"మొన్న ముందే చెప్పి, మళ్ళీ దిద్ది, మిమ్మల్ని మాటపడేలా చేశాను. ఈసారి ఆ పొరపాటు చెయ్యను. వయసు చితి దగ్గరే చెప్తాను ఆచాన్. పెట్టె మోసినవాళ్ళకి మాత్రమే, చెవిలో."

ఆచాన్ ప్రఫైసి తన మోకాళ్ళ వంక ఒకసారి చూసుకుంది.

"అయితే ముందువైపు నా పేరు రాసుకోండి," అంది.