ఆరు మెరుపులు, ఒక మీసం

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. సరే, నవ్వండి, ఎలాగూ ఊరంతా నవ్వేసింది.

టీవీ చానల్లో నేను చేసే ఉద్యోగమేమిటో మీలో చాలామందికి తెలియదు. మా మామగారికీ తెలియదు. "అల్లుడు ఆఫీసులో కూర్చుని టీవీ చూస్తాడు" అని అందరికీ చెబుతుంటారు. ప్రసారానికి వెళ్ళే ప్రతి కార్యక్రమాన్నీ ముందు ఒక యంత్రంలో వేసి చూడటం నా పని. తెరమీద వెలుగు చకచకా వెలిగి ఆరుతుంటే కొందరికి మూర్ఛ వస్తుంది. అందుకే సెకనుకి మూడు మెరుపులు దాటకూడదని నియమం. దాటితే యంత్రంలో గీత ఎర్రబడుతుంది, కార్యక్రమాన్ని తిప్పి పంపుతాను. దాటకపోతే పచ్చగీత, కింద నా సంతకం.

ఆ సంతకం లేనిదే మా చానల్ యజమాని మొహమైనా తెరమీదకు రాదు. ఇంట్లో రిమోట్ కూడా చేతికి అందని మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

కిందటి నెల మా చానల్‌వాళ్ళు దంపతుల పోటీ పెట్టారు. నన్నడక్కుండానే మా ఆవిడ ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. ఆఖరి ఆట ఏమిటంటే, ఒక ఎర్ర తెరకు ఐదు కంతలు, కంతకో చెయ్యి. భర్త కళ్ళకు గంతలు కట్టుకుని భార్య చెయ్యి పట్టుకోవాలి. తర్వాత భార్య వంతు.

నేను అన్ని చేతులూ తడిమి, మూడోదాన్ని పట్టుకుని మైకులో చెప్పాను: "పదకొండేళ్ళుగా పట్టుకున్న చెయ్యి ఇది. చీకట్లోనైనా గుర్తుపడతాను!" జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ముద్దు కూడా పెట్టాను. సరిగ్గా అప్పుడే తెర లాగేశారు, ఫొటోలవాళ్ళ కెమెరాలు టపటపా మెరిశాయి. గంతలు విప్పి చూస్తే ఆ చెయ్యి స్టూడియోలో లైట్లు బిగించే ఆయనది. గ్లవ్స్ వేసుకుని పనిచేస్తాడట, అందుకే చేతులు అంత మెత్తగా ఉన్నాయి. ఆయనకి చెవులదాకా మీసం. ఆ మీసం వెనకాల సిగ్గుపడుతున్నాడు.

మా ఆవిడ మాత్రం నా చెయ్యి రెండే సెకన్లలో పట్టేసింది. "ఎలా గుర్తుపట్టారమ్మా?" అని యాంకర్ అడిగింది.

"గిన్నె తోమిన గుర్తు ఒక్కటి కూడా లేదు కదండీ."

మిక్సీ గెలుచుకుంది.

ఆఫీసులో మాత్రం, "నేను ముట్టుకోగానే గుర్తుపట్టాను, మిక్సీ నా పుణ్యమే" అని కోతలు కోశాను. పాపం, అందరూ నమ్మారు. ఆదివారం సాయంత్రం ప్రసారం. దానికి ముందు మంగళవారం ఆ కార్యక్రమం పరీక్షకు నా దగ్గరికే వచ్చింది.

ముద్దు దగ్గర సెకనుకి ఆరు మెరుపులు. గీత భగ్గున ఎర్రబడింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. యంత్రాన్ని అక్కడే ఆపి, "ప్రేక్షకుల క్షేమం దృష్ట్యా ఈ ఆట మొత్తం తీసేయాలి" అని రాసి తిప్పి పంపాను.

ఇంటికొచ్చి కుర్చీలో దర్జాగా కూర్చున్నాను.

"నీ పోటీ కార్యక్రమానికి నీళ్ళొదులుకో."

"ఏమైందండీ?"

"మెరుపులు. సెకనుకి ఆరు. నేనేం చేయను, నియమం నియమమే."

"అయ్యో! మెరుపులుంటే కోసెయ్యడమేనా? వేరే దారి లేదా?"

"ఎందుకు లేదూ? వెలుగు తగ్గించొచ్చు. లేదంటే బొమ్మని నిదానం చెయ్యొచ్చు. సెకనులో పడే ఆరు మెరుపుల్ని మూడు సెకన్లకి సాగదీస్తే సెకనుకి రెండే. యంత్రం నోరు మూసుకుంటుంది."

"అబ్బ! ఎంత తెలుసండీ మీకు!"

పదకొండేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. అనుమానం రావాల్సింది. రాలేదు, పైగా రెండోసారి వివరంగా చెప్పాను.

మా చానల్లో కార్యక్రమాలు కత్తిరించే ఆవిణ్ణి మేం కత్తెరమ్మ అంటాం. బుధవారం ఆవిడ ఆ ఆటను కోయకుండా నిదానం చేసి పంపింది. రెండు సెకన్ల ముద్దు ఆరు సెకన్లయింది. నా పెదవులు ముందుకు సాగడం, చేతిమీద వాలడం, మీసం కదలడం, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ ముక్క ఒక్కటే యంత్రంలో వేశాను. యంత్రం ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. "వెనకున్న తెర ఎరుపు కళ్ళలో గుచ్చుకుంటోంది" అని రాసి మళ్ళీ పంపాను.

గురువారం తిరిగొచ్చింది. తెరకున్న ఎరుపు తీసేసి బూడిదరంగు చేశారు. ఇక అక్కడ రంగుల్లో మిగిలింది నా మొహం, ఆ మీసం. అదనపు జాగ్రత్త అని ఇంకా సాగదీశారు. పన్నెండు సెకన్లు!

సాయంత్రం ఇంట్లో చిందులు తొక్కాను. "ఆ కత్తెరమ్మకి ఈ సాగదీత ఎవరు నేర్పారో గానీ..."

"మీరే" అంది మా ఆవిడ, బట్టలు మడతపెడుతూ.

"నేనా?"

"మీరు నాకు చెప్పారు, నేను ఆవిడకి ఫోన్లో చెప్పాను. పోటీ రోజునుంచీ స్నేహితులం లెండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు."

"రేపు మళ్ళీ తిప్పి పంపుతాను!"

"పంపండి. ఆ మాటేదో మా చెల్లికి మీరే చెప్పండి."

మా మరదలు మూడేళ్ళ క్రితం మా ఇంట్లోనే, ఈ టీవీ ముందే, లైట్లు మెరిసే పాటేదో చూస్తూ మూర్ఛవచ్చి పడిపోయింది. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. నేను ఈ విభాగానికి బదిలీ అడిగి మరీ వెళ్ళింది ఆ తర్వాతే.

"మూడేళ్ళుగా టీవీకి వీపు పెట్టి కూర్చుని వింటోంది" అంది మా ఆవిడ. "ఈ ఆదివారం ఇటు తిరిగి కూర్చుంటానంది. డాక్టరు కూడా సరేనన్నాడు. 'బావ చూసి పంపింది కదక్కా, భయమెందుకు' అంది. ఆ నియమం దానికోసమండీ. మీ మీసం కోసం కాదు."

మీసం నాది కాదనబోయి ఊరుకున్నాను. నిజంగా సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున్నే కార్యక్రమాన్ని మొదటినుంచీ యంత్రంలో వేశాను. అప్పటిదాకా నా ముద్దు దాటి ముందుకు వెళ్ళిందే లేదు. అంతా పచ్చగా నడిచి, చివర్లో మా ఆవిడ మిక్సీ అందుకునే చోట గీత ఒక్కసారిగా ఎర్రబడింది. వేదిక చుట్టూ లైట్లు, సెకనుకి ఎనిమిది మెరుపులు. నా మొహం దాచుకునే గొడవలో దీన్ని వదిలేసి ఉంటే? కత్తెరమ్మ గదికి పరుగెత్తాను. ఆవిడ పక్కనే నిలబడి ఆ లైట్ల వెలుగు తగ్గించేదాకా కదల్లేదు. మళ్ళీ మొదటినుంచి చివరిదాకా వేసి, గీత పచ్చగా ఉండటం కళ్ళారా చూసి సంతకం పెట్టాను. పన్నెండు సెకన్లతో సహా.

ఆదివారం మరదలు టీవీకి ఎదురుగా కూర్చుంది. ముందే బల్లను దూరంగా జరిపి పెట్టాను. ముద్దు మొదలైంది, సాగింది, ఇంకా సాగింది.

"బావా! ఆయనకా ముద్దు పెట్టావ్?"

కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చినా తుడుచుకుని మళ్ళీ చూసింది గానీ తల తిప్పుకోలేదు. అక్క మిక్సీ అందుకోవడం కూడా రెప్ప వేయకుండా చూసింది. నా పరువు పోతే పోయింది, ఆ పిల్ల అలా నవ్వుతుంటే పన్నెండు సెకన్లు చాలవనిపించింది.

ఆ అనిపించడం సోమవారం వరకే. ఆ ముద్దు జనానికి తెగ నచ్చిందట. వచ్చే పోటీకి ప్రకటనగా దాన్నే రోజుకు ఎనిమిదిసార్లు వేస్తున్నారు. ప్రకటనకు కొత్త అక్షరాలు చేర్చినప్పుడల్లా అది మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. ఆఫీసంతా నా వెనక నిలబడి చూస్తుంది. గీత పచ్చగానే ఉంటుంది, సంతకం పెట్టి ఇస్తాను.

మా ఆవిడ వచ్చే పోటీకి కూడా పేర్లిచ్చింది. ఈసారి తన ఆట మరీ తేలికైపోకూడదట. అందుకని రోజూ గిన్నెలు నాచేతే తోమిస్తోంది.