మడత పడని బ్యానరు

మానవుడికి పుట్టుకతోనే హక్కులుంటాయి. అవి ఉన్నట్టు మా పరిశోధనకు డబ్బిచ్చే ఫౌండేషన్ వారికి తెలియాలంటే మాత్రం వారి బ్యానరు పట్టుకుని ఫొటో దిగాలి. మా కొరియాలో ఇది తిరుగులేని ఆచారం. బ్యానరు లేకుండా ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే దాన్ని పరిశోధన అనరు, కబుర్లంటారు (మార్గదర్శకాలు, అనుబంధం చూడుడు).

ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. నేను, క్వాక్ యోన్‌జు, మానవ హక్కుల పరిశోధనా ఫెలోని. సియోల్‌లో వెచ్చటి నేల మీద బాసింపట్టు వేసుకుని, చలిలో ఉండేవాళ్ల గురించి రాస్తుంటాను. ఈసారి నా అంశం “వలస కార్మికుల నివాసాల్లో గౌరవం, గోప్యత”. గోప్యత కదా, ఫొటో మినహాయిస్తారేమోనని ఫౌండేషన్ టీమ్ లీడర్ పాంగ్ గారికి ఫోన్ చేశాను.

“నేను కలవబోయే అమ్మాయి ముఖం బయటపడితే యజమాని పనిలోంచి తీసేస్తాడండీ.”

“అయ్యో, ముఖం ఎవరిక్కావాలండీ? మా పేరు కనబడితే చాలు,” అన్నారాయన. ఎంతయినా పెద్దమనసు.

బ్యానరు చుట్ట చంకన పెట్టుకుని ఊరి బయట పొలాలుండే పోచోన్‌కి బస్సెక్కాను. సోపల్ కంబోడియా నుంచి వచ్చి అక్కడ పాలకూర కోస్తుంది. తోట పక్కనే ప్లాస్టిక్ పట్టాల పాకలో ఉంటుంది. తల పెట్టుకునే వైపు పట్టా చిరిగి గాలి రివ్వున కొడుతోంది. నాకు రామ్యోన్ నూడుల్స్ కాచి పెట్టి అడిగింది.

“అక్కా, నీ పరిశోధన అయ్యేలోపు నాకు గది వస్తుందా?”

“నివేదికలో గట్టిగా సిఫారసు చేస్తాను.”

“అది వెచ్చగా ఉంటుందా?”

ఈ ప్రశ్న నా ప్రశ్నావళిలో లేదు.

ఫోన్‌ను కిమ్చీ డబ్బాకు ఆనించి ఫొటో తీశాం. సోపల్ పూర్తిగా బ్యానరు వెనక దాక్కుంది, వేళ్లు మాత్రం కనిపిస్తాయి. పిడికిలి బిగించి నవ్వుతున్నది నేనొక్కదాన్నే. తర్వాత ఆమె ఆ గుడ్డను తడిమి చూసింది. “మందంగా ఉందక్కా. ఇక్కడే వదిలేసి పోకూడదూ?”

అక్షరాలు లోపలి వైపుకి తిప్పి చిరుగు మీద కట్టాం. గాలి ఆగింది. నాకు నిజంగానే సంతోషం వేసింది. నివేదికలో “ప్రత్యక్ష ప్రభావం” అన్నచోట ఆ సంగతే రాశాను (నా వృత్తి జీవితంలో ఆ గడిలో రాసిన మొదటి నిజం).

దానికే ఉత్తమ నివేదిక బహుమతి వచ్చింది. పాంగ్ గారే ఫోన్ చేశారు.

“అభినందనలండీ. సభలో వేదిక మీద ఆ బ్యానరే కట్టాలి. తెచ్చేయండి.”

“దాన్ని ఆ అమ్మాయి గోడకి కట్టామండీ. ప్రభావమంటే అదే కదా.”

“ఆ ప్రభావాన్నే కదండీ అందరికీ చూపించబోతున్నాం.”

వాదించి ఉండవచ్చు. కానీ వచ్చే ఏడాది ఫెలోషిప్‌కి నా దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది.

పోచోన్‌లో మంచు పడుతోంది. నేను ముడులు విప్పుతుంటే సోపల్ లోపలికి వెళ్లింది. తర్వాత ఉన్న స్వెటర్లన్నీ తొడుక్కుని వచ్చి రెండో కొస పట్టుకుంది.

“మెల్లగా అక్కా, నలిగితే మీవాళ్లు నిన్నేమన్నా అంటారు.”

బ్యానరు ఒక్క మడతైనా పడకుండా వేదికకు చేరింది.