మిత్కాల్ పాషా ఇంట్లో కాఫీ చల్లారదు

"వచ్చే వేసవి నాటికి ఈ దేశంలో దాహం అనే మాట నిఘంటువులో తప్ప ఇంకెక్కడా కనబడదు" అని మా ఎంపీ మిత్కాల్ పాషా ప్రకటించిన రోజుకు మా వీధి కుళాయిల్లో నీళ్లు రాక పది రోజులు దాటింది. ప్రకటన పత్రికల్లో మొదటి పేజీలోనే వచ్చింది. పక్కన ఫొటో. పాషా చేతిలో గాజు గ్లాసు, గ్లాసులో తేట నీళ్లు. మా ఆవిడ ఉమ్ జుహైర్ ఆ ఫొటో చాలాసేపు చూసింది. పాషాను కాదు, గ్లాసును.

నేను జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక కొండ మీద కాఫీ గింజలు, యాలకులు అమ్ముకుంటాను. కొండ దిగువన పాషా ఇల్లు, నడుమ నా కొట్టు, పైన మా వీధి. నీళ్లు దిగువకు బాగా వస్తాయి, నడుమకు ఒక మాదిరిగా వస్తాయి, పైకి రావు. ఇందులో ఎవరి తప్పూ లేదని, తప్పంతా కొండదేనని పాషా రెండు ఎన్నికల సభల్లో వివరంగా చెప్పారు. రెండుసార్లూ మేం ఆయనకే ఓటేశాం. కొండకు వ్యతిరేకంగా ఇంకెవరూ నిలబడలేదు.

ఈ ఏడు ప్రభుత్వం ఇళ్ల నీటి సరఫరా బిల్లు తెచ్చింది. అందులో నాలుగో సెక్షన్ ఒకటుంది. ప్రతి వీధికీ వారానికి రెండు రోజులు కుళాయి నీళ్లు రావాలి, ఏ నెలలో రాకపోతే ఆ నెల ఆ వీధివాళ్లు నీళ్ల బిల్లు కట్టక్కర్లేదు. మా వీధిలో చదువు రాని ముసలమ్మలకు కూడా ఈ సెక్షన్ నోటికొచ్చు. ఉమ్ జుహైర్ ఇంట్లోని తివాచీలు చుట్టి గోడకు ఆనించింది. నాలుగో సెక్షన్ పాసయ్యాకే ఉతుకుతానంది. బిల్లును పరిశీలించి మెరుగులు దిద్దడానికి ఒక కమిటీ వేశారు. కమిటీకి అధ్యక్షులు మిత్కాల్ పాషా. ఇంతకన్నా తగినవారు దొరకరు. ఆయన ఇంట్లో ఈతకొలను ఉంది, నీటి సమస్య మీద లోతైన అవగాహన ఉంది.

పాషా గొప్పతనం తెలియాలంటే మా వైపు మర్యాద ఒకటి తెలియాలి. పిల్లనడగడానికైనా, హత్య జరిగితే రాజీకైనా పెద్దమనుషులు గుంపుగా కదిలి వెళతారు. దాన్ని జాహా అంటాం. ఇంటాయన కాఫీ పోయిస్తాడు. జాహా పెద్ద ఆ కప్పు ముట్టుకోకుండా ముందు పెట్టుకుని, వచ్చిన పని చెబుతాడు. "తాగండి, మీరడిగింది ఇచ్చాను" అని ఇంటాయన అన్నాకే అందరూ తాగుతారు. అనకపోతే కాఫీ చల్లారిపోతుంది, గుంపు లేచిపోతుంది, ఆ ఇంటి పరువు బజారున పడుతుంది. మిత్కాల్ పాషా ఇంట్లో వాళ్ల తాతగారి కాలం నుంచి కాఫీ చల్లారలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ కాఫీ నాది. జాహా ఉన్న రోజున గింజలు నేనే వేయించి, వాళ్ల వంటింట్లో నిలబడి కాయిస్తాను. తలుపు సందులోంచి హాలు బాగా కనిపిస్తుంది.

పిల్లలనడగడానికి పనికొచ్చే మర్యాద సెక్షన్లు అడగడానికి కూడా పనికొస్తుందని కనిపెట్టిన మేధావి వద్దాహ్. ఆయన కార్డు మీద 'శాసన వ్యవహారాల సలహాదారు' అని ఉంటుంది. ఎవరికి ఏ చట్టంలో ఏం కావాలో వాళ్లు ఆయనకు చెబుతారు. జాహాను ఆయన సమకూరుస్తాడు. ఇద్దరు షేకులు, ఒక మాజీ మంత్రి, కావలసినన్ని నల్ల కార్లు. తెల్ల గడ్డాలు ఎన్ని ఉండాలో పనిని బట్టి ఉంటుంది.

మొదట ప్లాస్టిక్ ట్యాంకులు తయారుచేసేవాళ్లు వచ్చారు. మాజీ మంత్రి ముందు కాఫీ పెట్టారు. ఆయన కప్పు వైపు చూడకుండా, తన ముప్పై ఏళ్ల ప్రజాసేవలో ఇంత గుణవంతురాలిని చూడలేదని మొదలుపెట్టాడు. తుప్పు పట్టని నడవడి, ఎండకు ఎదురు చెప్పని ఓర్పు, ఎంత పోసినా పొంగిపోని వినయం అన్నాడు. ఆయన చెబుతున్నది రెండు వేల లీటర్ల ట్యాంకు గురించని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. పాషా కళ్లు తుడుచుకున్నారు.

"తాగండి. మీరడిగింది ఇచ్చాను."

అందరూ తాగారు. కార్లు కదిలాక పాషా వద్దాహ్‌ను పక్కకు పిలిచి, ఇంతకీ వాళ్లడిగిందేమిటని అడిగారు. వద్దాహ్ టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. ప్రతి ఇంటి కప్పు మీదా ఒక ప్లాస్టిక్ ట్యాంకు తప్పనిసరి, ఆరు నెలల్లో పెట్టకపోతే జరిమానా. పాషా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు కమిటీలో దాన్ని తన సొంత ఆలోచనగా చదివారు. ఆయనకు సొంత ఆలోచన వచ్చినందుకు సభ్యులు అభినందించారు.

తరువాతి వారం ఇనుప రేకు ట్యాంకులవాళ్ల జాహా వచ్చింది. మాజీ మంత్రి వేరే ఆయన. వద్దాహ్ మాత్రం ఆయనే. పోయినసారి భుజాల మీద గోధుమరంగు అబాయా అంగీ, ఈసారి నల్లది. కాఫీ పోసేలోగా పాషా ఆయన్ని వంటింటి గుమ్మం దాకా తీసుకొచ్చి గొంతు తగ్గించారు.

"పోయిన వారం ఇనుము విషమన్నావు కదయ్యా."

"అన్నాను పాషా. అది ప్లాస్టిక్ వాళ్ల జాహాలో."

"మరి ఇవాళ?"

"ఇవాళ అది మన తాతముత్తాతలు నీళ్లు తాగిన లోహం."

పాషా ఒక క్షణం ఆలోచించారు. ఇద్దరిలో ఒకరికి లేదంటే కాఫీ చల్లారుతుంది. మామూలు నాయకుడైతే ఇక్కడే చిక్కుకుపోయేవాడు. పాషా ఇద్దరికీ ఇచ్చారు. ప్రతి ఇంటి మీదా ఒక ప్లాస్టిక్ ట్యాంకు, దాని పక్కన ఒక ఇనుప ట్యాంకు. ఒకటి వాడకానికి, ఒకటి వారసత్వ పరిరక్షణకు. ఈ సవరణ కమిటీకి చేరకముందే పాషా బావమరిది మా కొండ కింద రెండు రకాల ట్యాంకులూ అమ్మే కొట్టు తెరిచాడు. వ్యాపారంలో అంత ముందుచూపు నాకెప్పుడూ లేదు. నేను ఇప్పటికీ బేరం వచ్చాకే గింజలు వేయిస్తాను.

మా వీధి ఇదంతా విని పెద్దగా కంగారు పడలేదు. ట్యాంకులు ఎన్నయినా కొనుక్కోవచ్చు, నాలుగో సెక్షన్ ఉంటే చాలు, వాటిలోకి నీళ్లొస్తాయి అనుకున్నారు.

మూడో జాహా నీళ్ల ట్యాంకర్ లారీల యజమానులది. నేను చూసిన జాహాలన్నిటిలోకీ పెద్దది. కార్ల వెనక వాళ్ల లారీలు కూడా వచ్చాయి. షేకుల అబాయాలకు దుమ్ము అంటకూడదని లారీలతో పాషా ఇంటి ముందు రోడ్డంతా తడిపారు. నీళ్లు వాలు వెంట పారుతుంటే పై వీధి ఆడవాళ్లు బకెట్లు, గిన్నెలు పట్టుకుని దిగొచ్చారు. వాళ్లలో ఉమ్ జుహైర్‌ను చూసి నేను వంటింటి కిటికీ దగ్గర్నుంచి తప్పుకున్నాను. మర్నాటి పత్రికలో ఆ ఫొటో వేసి, పాషాను చూడడానికి ఉరకలెత్తిన మహిళలు అని రాశారు.

లోపల ఒక షేకు గొంతు బొంగురుపోయేలా మాట్లాడాడు. కుళాయి నీళ్లు వారానికి రెండు రోజులొస్తే ట్యాంకర్ నీళ్లు ఎవరు కొంటారు, మా డ్రైవర్ల పిల్లలు ఎవరి ముఖం చూడాలి అన్నాడు. డ్రైవర్లెవరూ జాహాలో లేరు, రోడ్డు తడుపుతున్నారు. పాషా కప్పు వైపు చూశారు. ఆవిరి తగ్గుతోంది.

"తాగండి. మీరడిగింది ఇచ్చాను."

నాలుగో సెక్షన్‌ను తీసెయ్యలేదు. తీసేస్తే ప్రజలు బాధపడతారని పాషాకు తెలుసు. ప్రతి వీధికీ వారానికి రెండు రోజులు నీళ్లు రావాలన్న మాట అలాగే ఉంచారు. కుళాయి అన్న మాట తీసి, లైసెన్సు ఉన్న ట్యాంకర్ ద్వారా అని పెట్టారు. డబ్బు ఇంటివాళ్లు కట్టాలి. నీళ్లు రాని నెల బిల్లు ఉండదన్న మాట అనవసరమని కొట్టేశారు, డబ్బు కడితే ట్యాంకర్ ఎలాగూ వస్తుంది కదా.

ఆ సాయంత్రం కప్పులు కడుగుతున్న పనివాడి పక్కన నిలబడి వద్దాహ్‌ను ఒక మాట అడిగాను.

"అన్నా, ఎవరి కాఫీ అయినా ఎప్పుడైనా చల్లారుతుందా?"

"ఎందుకు చల్లారుతుంది అబూ జుహైర్? వేరే దేశాల్లో ఈ పనికి విందులంటారు, విమానం టికెట్లంటారు, ఎంత ఖర్చు. మనకు భగవంతుడు పరువిచ్చాడు. ఒక కప్పు కాఫీతో పనైపోతుంది."

నేను వ్యాపారిని. ఆ మాట నాలో లెక్కగా తిరిగింది. ప్లాస్టిక్ వాళ్లు అడిగారు, పట్టుకెళ్లారు. ఇనుము వాళ్లు అడిగారు, పట్టుకెళ్లారు. లారీలవాళ్లు మా నాలుగో సెక్షన్నే పట్టుకెళ్లారు. అడగనిది మా వీధి ఒక్కటే. కమిటీ ఇంకా ఒకసారి కూర్చోవలసి ఉంది. మాకు కావలసింది ఒక పెద్దమనిషి, నాలుగు ఇస్త్రీ బట్టలు. అంత చౌకగా మళ్లీ దొరకదు.

పెద్దమనిషిగా షుక్రీ మాస్టారిని ఒప్పించాను. ఆయన రిటైరయి ఇరవై ఏళ్లు దాటింది, పాషాకు చిన్నప్పుడు భూగోళం చెప్పారు. ఆయనతో మా వీధివాళ్లం ఓ పదిమంది. నా మాటకు ఉమ్ జుహైర్ ఒక్కతే సంతోషించలేదు.

"నేనూ వస్తా. నువ్వు నీళ్లడగడం మర్చిపోయి యాలకుల రేటు మాట్లాడి వస్తావు."

జాహాలో ఆడవాళ్లు రారని చెప్పాను.

"సరే, వెళ్లండి. స్నానం చేసి వెళ్లమందామంటే నీళ్లు లేవు."

శుక్రవారం వెళ్లాలనుకున్నాం. గురువారం నాడు వద్దాహ్ కొట్టుకు ఫోన్ చేశాడు. రేపు సాయంత్రం ఐదింటికి జాహా ఉంది, మంచి గింజలు వేయించు, యాలకులు రెట్టింపు వెయ్యి అన్నాడు. మేం వస్తున్నట్టు నేను పాషా పనివాడికి అంతకుముందు రోజే చెప్పి ఉన్నాను. నా కళ్లు చెమర్చాయి. పై వీధి జాహాకు రెట్టింపు యాలకులు. ఆ మాట వీధిలో చెబితే మాస్టారు గడ్డం దువ్వుకున్నారు. నేను శుక్రవారం మధ్యాహ్నమే వెళ్లి కాఫీ కాచి, పొయ్యి మీద సన్నని సెగన ఉంచి, బట్టలు మార్చుకుని మావాళ్లతో కలిశాను.

ఆలస్యం కాకూడదని అరగంట ముందే, నడిచే వెళ్లాం. గేటు దగ్గర కార్లు లేకపోయేసరికి కాపలావాడు ఎవరైనా పోయారా అని అడిగాడు. పాషా ఎంతో ఆదరంగా లేచి నిలబడి, మాస్టారి భుజం ముద్దుపెట్టుకున్నారు. పక్కన వద్దాహ్ ఉన్నాడు. ఆయన వంగి పాషా చెవిలో ఏదో అన్నాడు. పాషా పనివాడికి కళ్లతో చెప్పారు. వంటింట్లోంచి నా కాఫీ వాసన హాలంతా నిండి ఉంది. మావాళ్లంతా నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

పనివాడు పళ్లెం తెచ్చాడు. గాజు గ్లాసుల్లో టీ. పుదీనా ఆకులు, బాగా చక్కెర.

మాస్టారు గ్లాసు ముట్టుకోలేదు. మేమూ ముట్టుకోలేదు, అబూ సనద్ తప్ప. అబూ సనద్ పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు.

"నాయనా మిత్కాల్, మాకు ట్యాంకులొద్దు, ట్యాంకర్లొద్దు. నాలుగో సెక్షన్ మొదట ఎలా ఉందో అలా పెట్టు. పెడతానంటేనే ఇది తాగుతాం" అన్నారు మాస్టారు.

పాషా ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"మాస్టారూ, అది టీ."

"కనిపిస్తోంది."

"టీకి ఆ మర్యాద లేదు కదా. చల్లారినా ఏం కాదు."

"అయితే కాఫీ పోయించు. కాచే ఉంది, వాసనొస్తోంది."

"ఈ ఎండలో మీకు కాఫీ మంచిది కాదు. మీ బీపీ సంగతి నాకు తెలీదా?" అన్నారు పాషా. తరువాత మా అందరి వైపూ తిరిగి, చట్టసభలో మాట్లాడేటప్పటి గొంతుతో అన్నారు. "పెద్దలు కాఫీకి పెట్టిన నియమాన్ని మన అవసరం కొద్దీ టీకి కూడా చేసేసుకుంటే ఎలా? ఇలా ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటూ పోతే ఇక ఈ దేశంలో నియమానికి విలువేముంటుంది, మాస్టారూ?"

నియమం అన్న మాటకు మాస్టారు అలవాటుగా తలూపారు. జీవితమంతా పిల్లలకు నియమాలు చెప్పిన మనిషి. మా కోరిక మీద తప్పకుండా దృష్టి పెడతానని పాషా హామీ ఇచ్చారు. మేం ఒక్కొక్కరం గ్లాసులు ఎత్తాం. దాహంగానే ఉంది. మాస్టారి గ్లాసు ఒక్కటే అలా ఉండిపోయింది. దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు.

మేం గేటు దాటుతుంటే నల్ల కార్లు లోపలికి వస్తున్నాయి. సరిగ్గా ఐదయింది. సీసా నీళ్ల కంపెనీల జాహా. నేను వెనక గుమ్మంలోంచి తిరిగి వంటింట్లోకి వెళ్లాను, కాఫీ మాడిపోకూడదు కదా. పావుగంటలో కాఫీ తాగేశారు.

బిల్లు ఆ నెలాఖరుకు ఏకగ్రీవంగా పాసయింది. ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ ట్యాంకు, ఒక ఇనుప ట్యాంకు, ట్యాంకర్ వచ్చేదాకా ఆగడానికి ఒక పెట్టె సీసా నీళ్లు ఉండాలి. ఇంత సమగ్రమైన నీటి చట్టం ఈ ప్రాంతంలోనే లేదని పత్రికలు రాశాయి. ఉమ్ జుహైర్ ఆ పత్రికను చుట్టిన తివాచీల మీద దుమ్ము దులపడానికి వాడింది.

నిన్న పాషా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కాఫీ ఎప్పటిలాగే పంపమన్నారు. ఈసారి దాంతో పాటు టీ కూడా కావాలట, పెద్ద ఎత్తున. ఎన్నికలకు ఇంకా మూడు నెలలుంది. నా కొట్టులో టీ ఉండేది కాదు, తెప్పిస్తానన్నాను. మేలు రకమా, మామూలు రకమా అని అడిగాను.

"ఓటర్లకు" అన్నాడు పనివాడు.

మామూలు రకం రెండు బస్తాలు తెప్పించాను.