లేని వీధిలో పద్నాలుగో నంబరు

మా వార్డులో వలస పాలనను జనవరి ముప్ఫయ్యో తారీకులోగా పూర్తిగా రద్దు చేస్తున్నట్టు వార్డు మేయర్ ఫోల్క్‌మార్ టీడెమన్‌గారు గురువారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. మిగతా జర్మనీ సంగతి తమకు తెలియదనీ, తమ పరిధిలో మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం కాదనీ అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఈ మహత్కార్యం మా వీధితోనే మొదలైంది. నూటపాతికేళ్ల కిందట, ఆఫ్రికాలో జర్మనీ ఏలుబడి కింద ఉన్న టోగోలో కూలీలను కొరడాలతో కొట్టించిన గవర్నర్ ల్యూడెకే పేరు మా వీధికి ఉండేది. అది తీసేసి, ఆ కొరడా దెబ్బల మీద జర్మనీ పార్లమెంటుకు అర్జీ రాసి జైలుకెళ్లిన అగ్బెన్యో దోత్సే పేరు పెట్టాలని పదకొండు మంది కమిటీ రెండేళ్లు కూర్చుని తేల్చింది. అర్జీకి జవాబు ఇంతవరకూ రాలేదు గానీ, వీధి వచ్చింది.

అదే వీధిలో పద్నాలుగో నంబరు ఇంటి కింద నాకు తాళంచెవుల కొట్టుంది. ఇత్తడి పలకల మీద పేర్లు కూడా చెక్కుతాను. మా నాన్న టర్కీ నుంచి ఇక్కడి ఓడల కర్మాగారంలో పనికొచ్చాడు. నేను పుట్టిందే ఈ వీధిలో. అయినా ఇంత మంచి జర్మన్ ఎక్కడ నేర్చుకున్నావని నన్ను ఇప్పటికీ మెచ్చుకుంటూ ఉంటారు. పెద్దవాళ్లను మెచ్చుకోవడం నాకూ అలా వంటబట్టింది.

మూడో అంతస్తులో కొమ్లా దోత్సే ఉంటాడు. లిఫ్టులు బాగుచేస్తాడు. భార్య పోయాక రెండో తరగతి చదివే డెలా అనే కూతుర్ని ఒక్కడే పెంచుకుంటున్నాడు. ఆ అర్జీ రాసినాయన ఇతనికి స్వయానా ముత్తాత. ఈ సంగతి కమిటీకి రెండేళ్లలో తెలియలేదు. నేను చెక్కిన కాలింగ్ బెల్ పలక చూసి ఒక రోజు పోస్ట్‌మాన్ చెప్పాడు. మేయర్‌గారు పరుగున వచ్చి, మూడంతస్తులూ ఎక్కి, కొమ్లాను కావలించుకున్నారు. ఫొటో సరిగ్గా రాలేదంటే ఇంకోసారి కావలించుకున్నారు.

ముప్ఫయ్యో తారీకున ఆవిష్కరణ. పాత బోర్డు మీద ఎర్ర గీత కొట్టి, కింద కొత్త బోర్డు బిగించారు.

"మీ సంప్రదాయ దుస్తులేవండీ?" అన్నారు మేయర్‌గారు, కొంచెం నొచ్చుకుని.

"ఇదే సర్. పెళ్లికి కుట్టించుకున్న సూటు."

వెంటనే నాటక సంఘం నుంచి ఒక రంగుల శాలువా తెప్పించి కప్పారు. అది టోగోది కాదు. అయినా కొమ్లా మొహమాటస్తుడు, కప్పుకున్నాడు. ఒక విలేకరి వచ్చి, "అసలు మీదెక్కడండీ?" అని అడిగాడు.

"పద్నాలుగో నంబరు, మూడో అంతస్తు" అన్నాడు కొమ్లా.

పక్కనే టెంటు వేసి, మా అందరి గుర్తింపు కార్డుల మీదా కొత్త చిరునామా స్టిక్కర్లు అంటించారు. కాఫీ కూడా ఇచ్చారు. కొమ్లా పౌరుడు కాదు గనక అతని కాగితాలు విదేశీయుల ఆఫీసులో ఉంటాయి. ఆ ఆఫీసుకు వేరే కంప్యూటరు.

వారం తర్వాత నివాస అనుమతి పొడిగించుకోవడానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. కౌంటర్లో హెనింగ్స్ మేడమ్. చాలా మర్యాదస్తురాలు.

"ఈ వీధి మా కంప్యూటర్లో లేదండీ."

"మా ముత్తాత పేరండీ అది. పోయిన వారమే పెట్టారు."

"మీ ముత్తాతగారు ఈ ఊళ్లో నివాసం నమోదు చేయించుకున్నారా?"

"ఆయనెప్పుడో పోయారండీ, జైల్లో."

"పోయేటప్పుడు నమోదు రద్దు చేయించుకున్న కాగితం ఉందా?"

కొమ్లా నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం చూశాను.

"పోనీ, పాత పేరే వేసేయండి మేడమ్."

"ఆ వీధి రద్దయిందని మాత్రం మాకు కాగితం వచ్చింది కదండీ. రద్దయిన వీధిలో మనుషులుండటానికి రూలు ఒప్పుకోదు. ఇదిగో, ముప్ఫై నుంచి మీరు ఆచూకీ లేనట్టు చూపిస్తోంది."

"మీ ఎదురుగానే కూర్చున్నాను కదా తల్లీ!"

"నాకు కనబడుతున్నారండీ. నేనెందుకు అబద్ధం చెప్తాను?"

ఆచూకీ లేని మనిషికి అనుమతి పొడిగించాలా వద్దా అన్నదాని మీద ఫిబ్రవరి పద్నాలుగున విచారణ పెట్టారు. వద్దని తేలితే తండ్రీ కూతుళ్లిద్దరూ దేశం వదలాలి. విచారణకు ఆచూకీ లేని మనిషి స్వయంగా హాజరు కావాలన్నారు.

మంగళవారం పది గంటలకు మేయర్‌గారి దగ్గరికి వెళ్లాం.

"ఒక్క లైను రాసివ్వండి సర్, ఈ వీధి ఉందని" అన్నాడు కొమ్లా.

మేయర్‌గారి కళ్లు చెమ్మగిల్లాయి. "రాయడం ఎంతసేపండీ? కానీ ఒక ఆఫీసు పోయి ఇంకో ఆఫీసు గడ్డ మీద పెత్తనం చేస్తే ఏమంటారు? వలస పాలన అనే కదా! దాన్ని నేను రద్దు చేశాను."

"మా పాప ఇక్కడే పుట్టింది సర్. దానికి ఇంకో ఊరు తెలీదు."

"ధైర్యంగా ఉండండి. ఈ వీధి మిమ్మల్ని ఎన్నటికీ మరిచిపోదు. నాదీ పూచీ."

గంటసేపు మా గోడు విని, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. అంత పెద్దమనిషి గుమ్మం దాకా రావడం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం డెలాని బడి నుంచి తీసుకొస్తూ కొమ్లా నా కొట్లోకి వచ్చాడు. నేను బల్ల మీది పలకను గుడ్డతో కప్పబోయాను. ఈలోగా పిల్ల చూసేసింది.

"నాన్నా, నా పేరు!" అని గంతేసి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "అగ్బెన్యో దోత్సే మునిమనవడు కొమ్లా, ఆయన కుమార్తె డెలా, ఈ ఏడాది ఫిబ్రవరి పద్నాలుగు వరకు ఈ ఇంట్లో నివసించారు. జ్ఞాపకార్థం, వార్డు మేయర్."

కొమ్లా కూడా చదివాడు. చాలాసేపు చదివాడు.

"విచారణకు ఇంకా రెండు రోజులుంది కదా, నెజాత్ అన్నా. ఇదెప్పుడు చెప్పారు నీకు?"

"నిన్న. పదకొండుంబావుకి ఫోనొచ్చింది." మేం మేయర్‌గారి గుమ్మం దాటింది పదకొండింటికి. "ఆవిష్కరణ పదిహేనునట. నువ్వు ముందు వరుసలో కూర్చోవాలట. శాలువా వాళ్లే తెస్తారట."

డెలా తండ్రి కోటు పట్టుకుని లాగింది. "ముత్తాతకి పెట్టినట్టు మనకీ బోర్డు పెడుతున్నారా నాన్నా?"

"అవునమ్మా" అన్నాడు కొమ్లా. "మేయర్‌గారికి మనమంటే చాలా ఇష్టం."