అక్క వేసిన బూడిద రంగు

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. సాయంత్రం అక్క వచ్చేలోగా ముందుగది గోడకు పసుపు రంగు వేయించి, ఆమె వేసిన బొమ్మను మళ్లీ అక్కడే తగిలించాలి. మూడేళ్ల క్రితం ఆ బొమ్మను కానుకగా తెచ్చినప్పుడు తమ్ముడు దాని వైపు ఓ చూపు విసిరి, "గోడకి చెమ్మెక్కినట్టుందే" అన్నాడు. అక్క చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఈ గడప తొక్కబోవడం ఇవాళే.

బొమ్మలో మనుషులు లేరు, చెట్లు లేవు. రెండు సన్నటి తెల్ల గీతలు, మిగిలినదంతా చల్లారిన పొయ్యిలాంటి బూడిద రంగు.

మధ్యాహ్నానికి గోడ ఆరింది. తమ్ముడు బొమ్మ తగిలించి వెనక్కి జరిగాడు. బూడిద రంగు కనబడలేదు. దాని చోట వంకాయ రంగు ఉంది.

"ఏం చేశారండీ దీన్ని?" అంది భార్య.

"నేనేం చేశాను? తగిలించాను."

"తడిగుడ్డతో తుడిచారు కదూ?"

"గుడ్డ పెయింటర్ దగ్గరుంది."

పెయింటర్ నిచ్చెన దిగాడు. "నా గుడ్డ నా భుజం మీదే ఉంది సార్. నన్ను ఇందులోకి లాగకండి."

పసుపుదే తప్పేమోనని పక్కన బొమ్మకు రెండింతల మేర ఆకుపచ్చ పూయించారు. బొమ్మను అక్కడ పెడితే సిగ్గుపడ్డట్టు గులాబీ రంగుకు తిరిగింది. ఆ పక్కన నీలం పూయించారు. ఈసారి తుప్పు రంగు పట్టింది.

భార్య ఉండబట్టలేక ఆడపడుచుకు ఫోన్ చేసింది. "వదినా, మీ బొమ్మది అసలు ఏ రంగు?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివా నువ్వు? ఇప్పుడే వస్తున్నా."

"కొంప ముంచావు" అన్నాడు తమ్ముడు. "బొమ్మ పాడుచేశాననుకుంటుంది. ఇక జన్మలో మాట్లాడదు."

బొమ్మను గోడ ముందు చాచి పట్టుకుని పసుపు దగ్గరికి, ఆకుపచ్చ దగ్గరికి, నీలం దగ్గరికి తిరిగాడు. తిరగగా తిరగగా కంగారు ఎక్కడో జారిపోయింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగింది. బూడిద రంగు ఓసారి వానకు ముందరి మబ్బయింది, ఓసారి పావురం మెడ అయింది, ఇంకోసారి నిద్రలో చూసి పొద్దున్నే మరిచిపోయే రంగేదో అయింది. అతను నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

అక్క వచ్చి గుమ్మంలో నిలుచున్న సంగతి అతనికి చాలాసేపటికి గాని తెలియలేదు.

"అక్కా, దీనికి నేనేం చేయలేదు. అదే మారుతోంది."

అక్క బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. గోడను చూడలేదు, తమ్ముణ్ణి చూసింది.

"అది మారదురా, పక్కనున్న రంగే దాన్ని అలా చూపిస్తుంది. ఎంతసేపట్నుంచి ఇలా చూస్తున్నావు?"

"మధ్యాహ్నం నుంచి. అన్నం కూడా తినలేదు."

"ఇంకాస్త ఎడమకి జరుపు. ఆకుపచ్చ అంచుకి. ఆ, అక్కడ ఆపు."

తమ్ముడు బొమ్మను అక్కడే ఆపి పట్టుకున్నాడు. గదిలో తడిరంగు వాసన, మెల్లగా కదులుతున్న ఎండ తప్ప ఏమీ లేవు.

"కాఫీ పెట్టనా వదినా?" అంది భార్య.

"పెట్టు. రాత్రికి ఇక్కడే ఉంటాను. దీపం వెలుగులో ఎలా ఉంటుందో వీడికి చూపించాలి."

పెయింటర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ గోడకి ఏ రంగు ఖాయం చేయమంటారు?"

ముగ్గురూ ఒకేసారి జవాబు చెప్పారు, మూడు రంగులు.