రిలే దుఃఖ దీక్ష

ఏడుపుకు కూడా ఒక టైమ్ టేబుల్ ఉండాలి! నవ్వకండి. అది లేకపోవడం వల్లే లోకంలో జాలిగల వాళ్లంతా జబ్బున పడుతున్నారు. కావాలంటే మానుకోటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి ఉపేందర్ గారి భార్య సుమిత్ర సంగతి వినండి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు, టీవీలు మాత్రం ఆగడం లేదు. ఎక్కడో లాఠీ లేస్తే సుమిత్రకు ఇక్కడ వీపు మండేది. చానల్ మారిస్తే ఏదో దేశంలో వరద, ఇంకోటి మారిస్తే మరో దేశంలో కరువు. ఒకే గంటలో వరదకూ కరువుకూ ఏడవడం మామూలు మనిషి వల్ల అవుతుందా? ఆమెకు అన్నం సయించలేదు. కంటి మీంచి నిద్ర పోయింది. రిమోట్ మాత్రం చేతిలోంచి పోలేదు.

"గిట్లయితే నువ్వు దక్కవు" అన్నాడు ఉపేందర్. ఆయనకు నిజంగానే భయం వేసింది.

అప్పుడు ఆయనకు సెంటర్‌లోని రిలే నిరాహార దీక్షా టెంటు గుర్తొచ్చింది. అక్కడ రోజుకో సంఘం కూర్చుంటోంది. ఇవాళ టీచర్లు, రేపు లాయర్లు. పొద్దున దండ, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం. ఎవరూ నీరసించలేదు, ఉద్యమమూ ఆగలేదు. ఇంట్లోనూ అదే పద్ధతి ఎందుకు పెట్టకూడదు?

పెట్టారు! సోమవారం సుమిత్ర, మంగళవారం ఉపేందర్, బుధవారం ఆయన తల్లి అండాలు. వంతున్నవాళ్లే టీవీ చూడాలి, వాళ్లే బాధపడాలి. మిగతావాళ్లు హాయిగా తినాలి. నిమ్మరసం తాగితే ఆనాటి దుఃఖం విరమించినట్టే. అండాలు తన వంతులో సీరియల్ పెట్టుకుని ఏడ్చింది గానీ, అదీ చెల్లుతుందని కొడుకు తీర్పిచ్చాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, గిన్నెలు తోమే రామి వచ్చింది. నాలుగు రోజులుగా ఆమె పనికి రాలేదు. టీవీలో చూపించలేదు కాబట్టి ఎందుకు రాలేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊరవతలి తండా నుంచి మూడేళ్ల మనవరాలిని చంకన వేసుకుని నడిచి వచ్చింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"దవాఖానకు పోవాలె అమ్మా. మా ఇంటాయన పనికని దూరం పోయిండు. జర తోడు రా."

సుమిత్ర నోట అలవాటుగా వచ్చేసింది. "ఇయ్యాల నా వంతు కాదు రామీ, మా ఆయనది."

"మరి ఆయన్నన్న పిలువు" అంది రామి, ఏమీ అర్థంకాక.

ఉపేందర్ టీవీ ముందు కూర్చుని, ఎక్కడో భూకంపంలో తప్పిపోయిన పిల్లల కోసం కళ్లొత్తుకుంటున్నాడు. కాసేపు ఆగమని చెయ్యెత్తి సైగ చేశాడు.

పిల్ల మూలిగింది. సుమిత్రకు సిగ్గేసింది. చెప్పులు వేసుకుని బయల్దేరింది. వంతు లేదు, దండ లేదు, ఇంటాయన అనుమతి లేదు. క్రమశిక్షణ ఎంత తొందరగా చెడిపోతుందో చూశారా!

దవాఖానలో చీటీల కోసం నిలబడ్డ జనం వాకిలి దాటి ఉన్నారు. వాడిపోయిన పిల్ల ముఖం చూసేసరికి సుమిత్రకు దుఃఖం పొంగుకొచ్చింది.

"ఏడుస్తే ఎట్ల అమ్మా? జర పిల్లను పట్టుకో. నేను చీటి రాయించుకొస్త" అంది రామి.

సుమిత్ర పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఒక చేత్తో తల ఆనించుకుని, ఇంకో చేత్తో నుదుటిమీద తడిగుడ్డ పట్టింది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. ఇక చేసేదేముంది, ఏడుపు మానేసింది.