కోదండరామయ్యకు పూర్తి సర్వీసు

ఆ ఉదయం వసుమతి వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త కోదండరామయ్యనూ, ఆయన తుపాకీనీ వెంటబెట్టుకుని నాంపల్లిలోని పోలీసుల లైసెన్సు ఆఫీసుకు వెళ్లాలి. తుపాకీ చూపించి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలి. వచ్చేటప్పుడు ఆబిడ్స్‌లో దిగి నెమలికంఠం రంగు చీరకు జాకెట్టు గుడ్డ వెతకాలి. తుపాకీ పని అరగంటలో తేలుతుందనీ, గుడ్డ దొరకడానికే పూట పడుతుందనీ ఆమె అంచనా.

తుపాకీ మామగారిది. ఆయన పంతొమ్మిది వందల యాభై ఆరులో గుడివాడ నుంచి అటవీ శాఖ గుమాస్తాగా హైదరాబాదు వచ్చి, ఎక్కడో కొనుక్కున్నారు. ఆయన పోయాక లైసెన్సు కోదండరామయ్య పేరుకు మారింది. హిమాయత్‌నగర్ ఫ్లాటులో బీరువా మీద, మామగారి పాత తెల్ల పంచెలోనే చుట్టి ఉంటుంది. దసరాకు వసుమతి స్టూలెక్కి ఆ పంచెకే బొట్టు పెట్టేది. లోపలిదాన్ని విప్పి చూసే ఉత్సాహం ఆమెకు లేదు, ధైర్యం ఆయనకు లేదు. ఎన్నికలొస్తే మాత్రం లైసెన్సుదారులంతా తుపాకులు అప్పగించాలి కాబట్టి, కోదండరామయ్య దాన్ని పంచెతో సహా ఆబిడ్స్‌లోని తుపాకుల దుకాణంలో దాచిపెట్టి, ఫలితాలు వచ్చాక పంచెతో సహా తెచ్చుకునేవాడు.

"ఫీజు పెంచారు సరే. పెంచినందుకు ఏం చేస్తున్నారో చెప్పమను," అన్నాడు కాఫీ తాగుతూ.

"ఎవర్ని చెప్పమనాలి?"

"ఎవర్నో ఒకర్ని. కిందటిసారి రెన్యువల్‌కు వెళ్తే ఆ గుమాస్తా తలెత్తలేదు. మిర్చిబజ్జీ తింటూ, తుపాకీ తెచ్చారా అన్నాడు. తెచ్చానన్నాను. ముద్ర కొట్టాడు. మూట విప్పనే లేదు వసూ. లోపల చీపురుకట్ట ఉన్నా కొట్టేసేవాడు."

"మీ పని అయిందిగా."

"అయితే? డబ్బు తీసుకున్నవాడు చూడాలా, వద్దా? మా నాన్నగారి తుపాకీ అది. చిరుతను కొట్టిన తుపాకీ."

ఈ మాట ఆయన ఇంట్లో అని ఊరుకునుంటే గొడవ ఉండేది కాదు. కిందటి నెల దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, వరసలో పక్కన నిలబడ్డ హైందవితో కూడా అన్నాడు. హైందవి రైఫిల్ షూటింగ్ పోటీల్లో ఆడే అమ్మాయి. ఆమె కూడా ఫీజు మీద మండిపడుతూ ఉంది. ఆయన చెబుతుంటే ఫోనులో టైపు చేసి, పై అధికారులకు ఫిర్యాదు పంపేసింది. వయసుకు గౌరవం ఇచ్చి కింద పేరు మాత్రం ఆయనదే పెట్టింది.

ఆటోలో తుపాకీ ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పడుకుంది.

"ఏంది సార్ అది, కర్టెన్ రాడ్డా?" అని అడిగాడు ఆటో అతను గన్‌ఫౌండ్రీ దగ్గర.

"అవును నాయనా," అంది వసుమతి.

లైసెన్సు గడువు ఆ రోజుతో ఆఖరు. దాటితే తుపాకీ పోలీసులకు అప్పగించాల్సిందే. చాలామందికి ఆఖరు తేదీ అదే కావడంతో హాలు కిక్కిరిసి ఉంది. హైందవి ముందే వచ్చి కూర్చుంది.

"మన కంప్లైంట్‌కు రిప్లై వచ్చింది అంకుల్. 'నోటెడ్' అని."

"అంతేనా?"

"అంతే. వచ్చే వారం నాకు పోటీలు. రెన్యువల్ కాకపోతే రైఫిల్ బయటికి తీయకూడదట. ప్రాక్టీసంతా ఈ బెంచీ మీదే అయిపోతోంది. కూర్చోవడంలో అయితే మెడల్ ఖాయం."

ఎప్పుడో చుట్టిన పంచె, లోపల దుమ్ముంటే బాగుండదు, ఒకసారి తుడవమంది వసుమతి. కోదండరామయ్య మూటను గోడవైపు తిప్పి, ఒక కొస విప్పాడు. మళ్లీ మూశాడు. మళ్లీ విప్పాడు.

"వసూ, దీనికి రెండు గొట్టాలున్నాయి."

"అయితే?"

"నాన్నగారి తుపాకీకి ఒకటే."

వసుమతి వంగి చూసింది. నిజంగానే రెండు.

"ఫీజు రెట్టింపు చేశారుగా. గొట్టం కూడా కలిపి ఇచ్చారేమో," అంది.

ఆయన నవ్వలేదు. ముఖం మూటకన్నా తెల్లగా అయింది. "మొన్న ఎన్నికలప్పుడు దుకాణంలో మారిపోయింది. ఇది ఎవడిదో. పరాయివాడి తుపాకీ ఒళ్లో పెట్టుకుని పోలీసుల ఆఫీసులో కూర్చున్నాను. నాన్నగారిది ఎక్కడుందో."

"మెల్లగా మాట్లాడండి."

"ఇంటికి పోదామా?"

"ఇవాళ్టితో గడువు సరి. రేపు మీ లైసెన్సూ ఉండదు, మీ నాన్నగారి తుపాకీ దొరికినా మీకివ్వరు."

కోదండరామయ్య కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. తెరిచేసరికి ఆయన ముఖంలో కొత్త భక్తి కనిపించింది. కిందటిసారిలాగే మూట విప్పకుండా ముద్ర కొట్టేస్తే చాలు, తుపాకీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ బజ్జీల గుమాస్తా ఎక్కడైనా కనిపిస్తాడేమోనని ఆశగా చూశాడు. అతని కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వెనక గదిలోంచి ఒకావిడ నవ్వుతూ నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

"కోదండరామయ్య గారంటే మీరేనా సార్? నా పేరు స్వర్ణ. ఇక్కడ సూపరింటెండెంటుగా కొత్తగా వచ్చిన. మీ ఫిర్యాదు నేను చదివిన, పైన గూడ చదివిన్రు. మీరు రాసిన ప్రతి మాట నిజం."

"అంత నిజమేం కాదండీ."

"మూట గూడ విప్పి చూడలేదని రాసిన్రు."

"చూడకపోయినా నష్టం లేదండీ. మనుషుల మీద నమ్మకమంటే అదే కదా."

స్వర్ణ ముఖం చిన్నబోయింది. "మీరెంత ఎత్తిపొడిచినా పడ్తం సార్. తప్పు మాదే. ఇయాల మీకు పూర్తి సర్వీసు ఇస్తం."

"వద్దండీ. పాత సర్వీసు బాగానే ఉండేది."

"చూసిన్రా, మళ్ల గదే మాట." ఆమె వెనక్కి తిరిగి, పెద్దాయనకు కుర్చీ వేయమంది. కుర్చీ వచ్చింది. వద్దంటే ఫ్యాను ఇటు తిరిగింది. అదీ వద్దంటే సాసరుతో సహా టీ వచ్చింది. ఆయన వద్దన్న ప్రతిసారీ అది మరో దెప్పిపొడుపుగా స్వర్ణకు తగులుతోందని వసుమతికి అర్థమైంది కానీ, భర్తకు చెప్పే వీలు దొరకలేదు. చివరికి పక్క బిల్డింగు నుంచి తుపాకుల మెకానిక్కును పిలిపించమనీ, ఫొటోలు తీసే అబ్బాయికి కూడా కబురు పెట్టమనీ స్వర్ణ పురమాయించింది.

"మెకానిక్కు ఎందుకండీ?" అన్నాడు కోదండరామయ్య.

"ఒక్కొక్క ముక్క విప్పి చూస్తడు సార్. మీరు కట్టిన ఫీజుకు మేం ఏం చేస్తమో పది మందికి తెల్వాలె కదా."

కోదండరామయ్య మూటను పసిబిడ్డలా ఒళ్లోకి లాక్కున్నాడు. వసుమతి మాత్రం హాలంతా ఓసారి కలయజూసింది. చివరి బెంచీ మీద ఆయన వయసే ఉన్న ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తెల్ల పంచె చుట్టిన మూట. ఒక కొస విప్పి చూశాడు. మూశాడు. మళ్లీ విప్పి చూశాడు. ఆయన ముఖంలో ఉన్న రంగు వసుమతికి బాగా తెలిసిన రంగే.

ఆమె వెళ్లి ఆయన భార్య పక్కన కూర్చుంది.

"మీకు ఎన్ని గొట్టాలు?" అంది మెల్లగా.

ఆమె ఇటూ అటూ చూసింది. "ఒక్కటే. పోయినసారి రెండుండె."

"మాకు ఒకటి ఉండేది. ఇప్పుడు రెండు."

ఆమె పేరు అహల్య. భర్త వెంకటేశానిది గన్‌ఫౌండ్రీలో కళ్లద్దాల దుకాణం. "గా తుపాకుల దుకాణపోడు పంచె జూసి ఇచ్చిండమ్మా," అన్నాడు వెంకటేశం ముఖం తుడుచుకుంటూ. "మాది గూడ తెల్ల పంచెనే. ముప్పై ఏండ్ల సంది కళ్లద్దాలు అమ్ముతున్న, ఇంటికి పోయి విప్పి చూసుకోలే. మీ పెద్దాయనకు చాయ్ ఇస్తున్రు, ఫ్యాన్ తిప్పుతున్రు. ఏమైంది, దొరికిపోయిండా?"

"ఇంకా లేదు. సన్మానం జరుగుతోంది."

"ఔ, గట్లనే మొదలైతది."

వసుమతి తిరిగొచ్చి, భర్త ఒళ్లోంచి మూట తీసుకుంది. "ఎక్కడికమ్మా?" అంది స్వర్ణ.

"పంచె సర్ది తెస్తానండీ. ఇంతమందిలో విప్పితే బాగుండదు."

మంచినీళ్ల మిషను వెనక ఇద్దరు ఆడవాళ్లూ రెండు మూటలూ పక్కపక్కన పెట్టారు. అది తప్పయిపోయింది. ఎవరి మూట ఎవరిదో మళ్లీ తెలియలేదు. రెండూ పూర్తిగా విప్పక తప్పలేదు. విప్పాక ఏ పంచె ఎవరిదో తేలలేదు. అహల్య రెండు పంచెలూ అంచులు పట్టి చూస్తుంటే, నేల తడిగా ఉందని వసుమతి రెండు తుపాకులూ తీసి చెరో చేత్తో నిలబెట్టి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా కెమెరా మెరిసింది.

"అమ్మా, ఇటు చూడున్రి. ఇంకోటి తీస్త, జర నవ్వున్రి," అన్నాడు ఫొటోలు తీసే అబ్బాయి.

వసుమతి నవ్వింది. చేతిలో రెండు తుపాకులున్నప్పుడు నవ్వడమే మర్యాద అని ఆమెకు తోచింది.

వెనకే వచ్చిన స్వర్ణ ఆగిపోయింది. "మీరు గూడ షూటరా మేడమ్?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ. ఈవిడ పంచె మడతపెట్టుకునేదాకా ఈవిడ తుపాకీ కూడా పట్టుకున్నాను."

"సేవాభావం," అని అబ్బాయి ఫొటో కింద రాసుకున్నాడు.

ఎవరి తుపాకీ వాళ్లకు చేరింది. పంచెలు మాత్రం దేవుడి దయకు వదిలేశారు. స్వర్ణ వెంకటేశాన్ని కూడా కుర్చీలో కూర్చోమంది.

"నాకు వద్దు మేడమ్. నేనేం ఫిర్యాదు చెయ్యలే. నాకు పాత సర్వీసే చాలు," అని ఆయన మూట విప్పకుండానే ముద్ర వేయించుకుని, భార్య చెప్పులేసుకునేలోపు గేటు దాటాడు.

పంచె కొస విప్పి ఒకే గొట్టం చూసుకున్న కోదండరామయ్యకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు పాత ఫిర్యాదు కూడా లేచింది. కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఇప్పుడు చూడండి మేడమ్. ప్రతి ముక్కా చూడండి. ఊరికే కట్టట్లేదు ఫీజు."

"ఏవండీ, ముద్ర కొట్టించుకుని పోదాం," అంది వసుమతి.

"నువ్వుండు వసూ." హైందవి దగ్గరికి జరిగింది, ఇంకో నలుగురు చుట్టూ చేరారు. ఆయన చిరుత కథ ఎత్తుకున్నాడు. ఆదిలాబాదు అడవి, ఇన్‌స్పెక్షన్ బంగళా, వాకిట్లో చిరుత, గుమ్మంలో నాన్నగారు. చిరుత ఎగిరే చోటికి కథ వచ్చేసరికి మెకానిక్కు తుపాకీ వెనక భాగం మడిచి, టార్చి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు.

"మేడమ్, ఇది పేలదు," అన్నాడు.

"తుప్పు పట్టిందా?" అంది స్వర్ణ.

"తుప్పు లేదు, మంచిగున్నది. తూటాను వెనక నుంచి గుద్దెతందుకు ఒక పిన్నుంటది. గది లేదు."

"ఎవరో తీసేసుంటారు. కొత్తది వేయించుకుంటాం," అన్నాడు కోదండరామయ్య.

"తీసేస్తే ఖాళీ ఉంటది సార్. దీనికి పిన్ను రానీకి చిల్లే పెట్టలే. గొట్టం గూడ నడుమ మూసి ఉన్నది. చేసినప్పుడే గిట్ల చేసిన్రు. పెద్ద బంగళాల గోడలకు షోకు పెడ్తరే, గట్లాంటిది."



"మరి చిరుత, అంకుల్?" అంది హైందవి.

ఆయన స్వర్ణవైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ దీనికి ఫీజు కట్టించుకున్నారు కదండీ."

"ఎవ్వరూ విప్పి చూడలే సార్," అంది స్వర్ణ నిజమైన బాధతో. "మీరు రాసిందే కరెక్టు."

చిక్కు అక్కడితో తీరలేదు. అది తుపాకీ కాదు కాబట్టి లైసెన్సు రెన్యువల్ కాదు. తుపాకీలా కనిపిస్తుంది కాబట్టి లైసెన్సు లేకుండా బయటికి తీసుకెళ్లడానికి లేదు. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి ఏమీ ఉండదు. "గీడనే వదిలేసి పోండ్రి సార్. మాల్‌ఖానాల, మా సామాన్ల గదిల, పడి ఉంటది. అక్కరకు రాని వస్తువే కదా," అంది స్వర్ణ సానుభూతిగా.

కోదండరామయ్య తుపాకీ మీద చెయ్యి తీయలేదు. కుర్చీలో ఎలా కూర్చోవాలో మరిచిపోయినవాడిలా ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆయన అవస్థ చూసి లోలోపల నవ్వుకుంటున్న వసుమతికి ఇప్పుడు నవ్వు రాలేదు.

"పేలే తుపాకీ చేతిలో ఉంటే చిరుత ఎదుట ఎవరైనా నిలబడతారు," అంది మెల్లగా. "ఇది పట్టుకుని నిలబడ్డారంటే మామగారిని ఏమనుకోవాలి?"

ఆయన గొట్టంవైపు చూశాడు. "నాన్నగారు కాల్చానని ఎప్పుడూ చెప్పలేదు వసూ. గురిపెట్టాను, అది వెళ్లిపోయింది అనేవారు. అంతే."

"కాల్చడం మీరు కలిపారు."

"అలాగే ఉంది." ఆయన వెన్ను కొంచెం నిటారైంది. "ఇది వదిలేసి నేను రాను."

వసుమతి స్వర్ణవైపు తిరిగింది. "మేడమ్, ఇవాళ మాకు పూర్తి సర్వీసు ఇస్తానన్నారు."

స్వర్ణ ఆలోచించింది. లోపలికెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడింది. బయటికొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. ఇది తుపాకీ కాదని మెకానిక్కు రాసిచ్చాడు, ఆమె సంతకం పెట్టింది, ముద్ర కొట్టింది, అబ్బాయి ఫొటో తీశాడు. కోదండరామయ్య తండ్రిగారి తుపాకీని భుజాన వేసుకుని, ఇది తుపాకీ కాదన్న కాగితం జేబులో పెట్టుకుని, గేటు దగ్గర కానిస్టేబుల్ కొట్టిన సెల్యూట్ అందుకుని బయటికొచ్చాడు.

లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తే సరిపోయేది. ఈ కాగితాన్ని మాత్రం ఏటా రెన్యువల్ చేయించుకోవాలట.